సపరివారంగా పిలిచిన రాజ్యాంగం

(మహిళల రేడియో కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



1923 డిసెంబరులో మన కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగాయి. సభలతోపాటు ఖద్దరు ప్రదర్శన కూడా పెట్టారు. టిక్కెట్టు లేనివాళ్ళను లోపలికి పోనివ్వకుండా చూసే పని ఒక పద్నాలుగేళ్ళ అమ్మాయికి అప్పగించారు. ఇంతలో జవహర్‌లాల్ నెహ్రూ గారు వచ్చారు. ఆయన దగ్గర టిక్కెట్టు లేదు. అమ్మాయి ఆయన్ని గుమ్మంలోనే ఆపేసింది. ఎవరిని ఆపావో తెలుసా అని పెద్దలు కంగారుపడి కోప్పడ్డారు. నాకు చెప్పిన పని నేను చేశానంది ఆ పిల్ల. టిక్కెట్టు తెప్పించాకే నెహ్రూ గారు లోపలికి వెళ్ళారు. ఆమె పట్టుదలను ఆయన మెచ్చుకున్నారు కూడా.

ఆ అమ్మాయి ఎవరో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 1909లో మన రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి. తర్వాత ఆంధ్ర మహిళా సభ స్థాపించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు. మన రాజ్యాంగం రాయడానికి కూర్చున్న సభలో స్త్రీలు పదిహేనుమందే ఉంటే, వారిలో ఆవిడ ఒకరు. ఆ రోజు కాకినాడ గుమ్మంలో ఆవిడ చేసిన పనే రాజ్యాంగం 14వ అధికరణంలో చట్టంగా మారిందని నాకు ఎప్పుడూ అనిపిస్తూ ఉంటుంది. చట్టం ముందు ఏ వ్యక్తికీ సమానత్వాన్ని రాజ్యం నిరాకరించరాదు అంటుంది ఆ అధికరణం.

"ఏ వ్యక్తికీ" అన్న మాట గుర్తుపెట్టుకోండి. ఈ పూట నా ప్రసంగమంతా ఆ మాట చుట్టూనే తిరుగుతుంది. ఎంత గొప్పవాడైనా చట్టానికి పైన లేడని మనం తేలిగ్గానే ఒప్పుకుంటాం. మరి అందరూ చిన్నచూపు చూసేవాళ్ళు, మనం రైల్లో చూసి ముఖం తిప్పుకునేవాళ్ళు, వాళ్ళు కూడా ఆ మాటలో ఉన్నారా?

నేనీ సంగతి ఆలోచించడానికి కారణం మా వీధి చివరింటి పిన్నిగారు. ఆవిడకు ఇద్దరు పిల్లలు. పెద్దది ఆడపిల్ల, తర్వాత పుట్టినవాడు మగపిల్లవాడు. చిన్నప్పుడు ఆ పిల్లవాడు వేసిన ముగ్గులు సంక్రాంతికి మా వీధంతా నిలబడి చూసేది. అక్క ఓణీ చుట్టుకుని అద్దం ముందు నిలబడితే తండ్రి కొట్టేవాడు. బళ్ళో పిల్లలు పేర్లు పెట్టి ఏడిపించేవారు. పదిహేడో ఏట ఒక తెల్లవారుజామున ఇల్లు విడిచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత పిన్నిగారు నిడదవోలు వెళ్ళినా, సామర్లకోట వెళ్ళినా రైల్లో ఆవిడ చేసే పని ఒకటే. చప్పట్లు కొడుతూ వచ్చే ప్రతి మనిషి ముఖంలోకీ తొంగి చూడటం. అందరూ కిటికీ వైపు తిరిగితే ఆవిడ ఒక్కతే వాళ్ళ వైపు తిరిగి కూర్చునేది.

మొన్న వేసవిలో ఆవిడ వచ్చి, "అమ్మాయ్, కోర్టులో ఏదో తీర్పు వచ్చిందటగా, పేపర్లో వేశారట. మావాణ్ణి చట్టం ఒప్పుకుందా?" అని అడిగింది. నాకు వెంటనే జవాబు చెప్పడం చేతకాలేదు. చదివి చెబుతానన్నాను. నాలుగైదు వారాలు కూర్చుని చదివి తెలుసుకున్నదే ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

ముందుగా రెండు విషయాలు విడదీసుకోవాలి. మనం అన్నిటినీ కలిపి ఒకే గాట కట్టేస్తుంటాం.

ఆస్పత్రిలో బిడ్డ పుట్టగానే నర్సు మగపిల్లవాడనో ఆడపిల్లనో చెబుతుంది. కొందరి విషయంలో, పెరిగేకొద్దీ బిడ్డ మనసు ఆ మాటతో కుదరదు. మగపిల్లవాడని రాసిన బిడ్డ లోలోపల తాను ఆడదాన్నే అనుకుంటుంది. ఆడపిల్లని రాసిన బిడ్డ తాను మగవాణ్ణే అనుకుంటాడు. వీరిని ట్రాన్స్‌జెండర్లు అంటున్నాం. కొందరికి పుట్టుకతోనే శరీర నిర్మాణంలో తేడా ఉంటుంది. హిజ్రాలని మనం పిలిచేవారు తమకంటూ గురువులను, కట్టుబాట్లను ఏర్పరచుకుని కలిసి బతికే సమాజం. ఇదంతా "నేనెవరు" అన్న ప్రశ్నకు సంబంధించినది. రెండోది "నా మనసు ఎవరిమీదికి పోతుంది" అన్న ప్రశ్న. మగవాడే అయినా మగవాడినే ప్రేమించేవారు, ఆడదే అయినా ఆడదాన్నే ప్రేమించేవారు ఉంటారు. ఇది జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే దీన్ని జబ్బుల పట్టికలోంచి తీసేసింది. మన దేశపు మానసిక వైద్యుల సంఘం కూడా 2018లో ఇదే మాట చెప్పింది.

"ఇదంతా ఈ కాలపు పోకడ, మన సంప్రదాయంలో లేదు" అంటారేమో. ఆత్రేయపురం దగ్గర ర్యాలి వెళ్ళనివాళ్ళు మన గోదావరి ప్రాంతంలో తక్కువ. అక్కడ జగన్మోహినీ కేశవస్వామి విగ్రహం ముందునుంచి చూస్తే విష్ణుమూర్తి, వెనకనుంచి చూస్తే మోహిని. రెండూ ఒకే రాతిలో. మనం రెండు వైపులా తిరిగి రెండుసార్లూ దణ్ణం పెట్టుకుని వస్తాం. వానలు పడకపోతే మన పల్లెల్లో విరాటపర్వం చదివించే అలవాటు ఉండేది. అందులో అర్జునుడు బృహన్నలగా ఉత్తరకు నాట్యం నేర్పిన కథ వినే కదా మనం పెరిగాం! దేవుడిలో, పురాణంలో ఒప్పుకున్నది పక్కింటి పిల్లవాడిలో మాత్రం ఒప్పుకోలేకపోయాం.

2011 జనాభా లెక్కల్లో స్త్రీ, పురుషుడు కాక "ఇతరులు" అన్న గడిలో దేశం మొత్తం మీద 4,87,803 మంది లెక్క తేలారు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది. లెక్కకు వచ్చే గుమాస్తాకు నిజం చెప్పగలిగినవారే అంతమంది. చెప్పలేనివారి సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఇక చట్టం సంగతికి వద్దాం. రాజ్యాంగం రాకముందు పరిస్థితి ఏమిటో ముందు చూడాలి.

ఆంగ్లేయులు 1860లో చేసిన శిక్షాస్మృతిలో 377వ సెక్షన్ అని ఒకటుండేది. "ప్రకృతి విరుద్ధం" అన్న పేరు పెట్టి, ఇష్టపడి కలిసిన ఇద్దరు పెద్దవాళ్ళను కూడా నేరస్థులను చేసింది. శిక్ష యావజ్జీవం దాకా ఉండేది. ఇది మన గోదావరి జిల్లాలతో సహా బ్రిటిష్ ఇండియా అంతటా అమలైంది.

నైజాం రాజ్యంలో ఇంకొక చట్టం వచ్చింది. ఫసలీ 1329లో, అంటే 1919లో, హిజ్రాల మీద ప్రత్యేకంగా చేసిన చట్టం. పిల్లల్ని ఎత్తుకుపోతారన్న అనుమానం ఉన్నవాళ్ళ పేర్లూ, నివాసాలూ ఒక రిజిస్టరులో రాయించాలి. రిజిస్టరులో ఉన్న మనిషి ఆడవారి దుస్తులు వేసుకునో, నగలు పెట్టుకునో వీధిలో కనిపిస్తే చాలు, వారంటు లేకుండా పట్టుకోవచ్చు. వీధిలో పాడినా, ఆడినా అంతే. రెండేళ్ళ దాకా జైలు. ఆలోచించండి! మనకు శుభమైన గాజులు వాళ్ళ చేతికి ఉంటే నేరం.

మన గోదావరి జిల్లాలు మద్రాసు రాజధానిలో ఉండేవి గనుక ఆ చట్టం మన మీద లేదు. కానీ ఆ అనుమానం మాత్రం మన ఇళ్ళలోనూ ఉంది. "అల్లరి చేస్తే వాళ్ళకిచ్చేస్తాను" అని పిల్లల్ని భయపెట్టని తల్లి మనలో ఎంతమంది? ఆ అనుమానం ఎంతదాకా పోతుందో 2018 మేలో చూశాం. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని ఫోన్లలో పుకార్లు వచ్చాయి. హైదరాబాదు చాంద్రాయణగుట్టలో గుంపు ఒక ట్రాన్స్‌జెండర్ వ్యక్తిని కొట్టి చంపింది. 1919లో రిజిస్టరులో రాసిన అనుమానమే నూరేళ్ళ తర్వాత రాళ్ళుగా మారింది.

స్వాతంత్ర్యం వచ్చినా, రాజ్యాంగం వచ్చినా, రాష్ట్రాల పేర్లూ హద్దులూ మారినా ఆ చట్టం పుస్తకాల్లో అలాగే ఉండిపోయింది. దాన్ని వైజయంతి వసంత మొగ్లి అనే ట్రాన్స్‌జెండర్ ఉద్యమకారిణి, మరికొందరు హైకోర్టులో సవాలు చేశారు. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఉజ్జల్ భూయాన్, జస్టిస్ సి.వి. భాస్కర్ రెడ్డి గార్లు ఆ చట్టాన్ని కొట్టివేశారు. ఒక మనిషి చేసిన పనిని బట్టి కాక, ఒక సమాజంలో పుట్టినందుకే మొత్తం సమాజాన్ని నేరస్థులుగా చూడటం 14, 21 అధికరణాలకు విరుద్ధమన్నారు. చదువుల్లో, ఉద్యోగాల్లో వారికి రిజర్వేషన్లు కల్పించమనీ, ఆసరా పింఛన్లు ఇవ్వమనీ ప్రభుత్వాన్ని ఆదేశించారు.

ఇప్పుడు ఆ అధికరణాలేమిటో చూద్దాం. భయపడకండి, వంటింటి లెక్కంత తేలిక.

14వ అధికరణం సంగతి చెప్పాను. ఏ వ్యక్తికీ సమానత్వం నిరాకరించరాదు. 15వ అధికరణం ప్రకారం మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా రాజ్యం ఏ పౌరుడిపైనా వివక్ష చూపకూడదు. 19వది భావప్రకటన స్వేచ్ఛ. 21వది ప్రాణానికీ, వ్యక్తి స్వేచ్ఛకూ రక్షణ. బతకడమంటే ఊపిరి పీల్చడం ఒక్కటే కాదు, మర్యాదగా బతకడమని కోర్టులు చాలాకాలంగా చెబుతూ వచ్చాయి.

వీటిలో ఎక్కడా హిజ్రా అన్న మాట లేదు, ట్రాన్స్‌జెండర్ అన్న మాటా లేదు. మరి వాళ్ళు ఇందులో ఉన్నట్టా, లేనట్టా?

మనం పెళ్ళి శుభలేఖ మీద ఏమని రాస్తాం? "సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేయ ప్రార్థన" అని. ఇంట్లో ఉన్నవాళ్ళ పేర్లన్నీ రాస్తామా? రాయం. అయినా ఆ ఇంట్లో ముసలమ్మకీ, మాట రాని చిన్నమ్మాయికీ, అందరికీ పిలుపు అందినట్టే. "నీ పేరు లేదు, నువ్వు రావద్దు" అని ఎవరినైనా గుమ్మంలో ఆపితే తప్పు శుభలేఖది కాదు, ఆపినవాళ్ళది. మన రాజ్యాంగం శుభలేఖ కూడా అలాంటిదే. "ఏ వ్యక్తికీ" అంది. సపరివారంగా పిలిచింది.

2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టులో జస్టిస్ కె.ఎస్. రాధాకృష్ణన్, జస్టిస్ ఎ.కె. సిక్రీ గార్లు ఈ సంగతే తేల్చి చెప్పారు. జాతీయ న్యాయ సేవాధికార సంస్థ వేసిన కేసు అది. 14వ అధికరణంలో "వ్యక్తి" అంటే మగా, ఆడా మాత్రమే అని ఎక్కడా లేదన్నారు. 15వ అధికరణంలో "లింగం" అన్న మాటలో, మనిషి తన్ను తాను ఏమని గుర్తించుకుంటున్నాడో అదీ ఉందన్నారు. కట్టే బట్ట, నడిచే తీరు, మాట్లాడే పద్ధతి 19వ అధికరణం ఇచ్చిన స్వేచ్ఛలో భాగమన్నారు. మూడో లింగంగా గుర్తింపునివ్వమని కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలను ఆదేశించారు.

ఇష్టపడే మనసుల విషయం ఇంత తిన్నగా నడవలేదు. 2009 జూలైలో ఢిల్లీ హైకోర్టు, ఇష్టపడి కలిసిన పెద్దవాళ్ళకు 377వ సెక్షన్ వర్తించదంది. 2013 డిసెంబరులో సుప్రీంకోర్టు దాన్ని తిరగతోడింది. ఇలాంటివాళ్ళు దేశంలో బహు తక్కువమంది అన్నది ఆ తీర్పు చెప్పిన కారణాల్లో ఒకటి. ఇదెక్కడి న్యాయమండీ! వీధిలో ఒక్క ఇంటికే కుళాయి నీళ్ళు రాలేదనుకోండి. "ఒక్క ఇల్లేగా" అని మున్సిపాలిటీవారంటే ఆ ఇంటి ఇల్లాలు ఊరుకుంటుందా? 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు కూర్చుని, ఏకాంతం ప్రతి మనిషికీ ప్రాథమిక హక్కని తీర్పు చెప్పారు. సంఖ్య తక్కువన్న కారణంతో హక్కు తీసివేయడానికి వీల్లేదని కూడా అందులో రాశారు. ఆ తర్వాత 2018 సెప్టెంబరు 6న ఐదుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పారు, ఇష్టపడి కలిసి ఉండే పెద్దవాళ్ళు నేరస్థులు కారని. వారిలో ఏకైక మహిళ జస్టిస్ ఇందూ మల్హోత్రా గారు. ఇన్నేళ్ళు పెట్టిన అవమానానికి చరిత్ర వీళ్ళకీ, వీళ్ళ కుటుంబాలకీ కూడా క్షమాపణ బాకీ పడిందని రాశారావిడ. కుటుంబాలకీ అన్న మాట చదివినప్పుడు నాకు రైల్లో పిన్నిగారే కళ్ళముందు కనిపించింది.

ఇక్కడొక దూరదేశపు సంగతి చెప్పాలి. దక్షిణ అమెరికాలో ఈక్వడార్ అని చిన్న దేశం ఉంది. మనలాగే అక్కడా మతనమ్మకం, కుటుంబ కట్టుబాటు గట్టివి. అక్కడ కూడా ఇలాంటివాళ్ళను జైల్లో పెట్టే చట్టం ఉండేది. 1997లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం దాన్ని కొట్టేసింది. మరుసటి ఏడు, 1998లో, వాళ్ళు కొత్త రాజ్యాంగం రాసుకున్నారు. ఎవరిపైనా వివక్ష చూపకూడదన్న జాబితాలో, మనసు ఎవరిమీదికి పోతుందన్న విషయాన్నీ పేరుపెట్టి చేర్చారు. 2008లో మళ్ళీ రాజ్యాంగం రాసినప్పుడు, తానెవరన్న గుర్తింపును కూడా చేర్చారు. మనది "సపరివారంగా" అన్న శుభలేఖ పిలుపైతే, వాళ్ళది ఇంటికొచ్చి బొట్టుపెట్టి పేరుపేరునా పిలిచిన పిలుపు.

అంత పిలిచినా పేచీ ఉండనే ఉంది. అదే 2008 రాజ్యాంగంలో పెళ్ళి అంటే స్త్రీ, పురుషుల మధ్యది అని ఇంకో అధికరణంలో రాశారు. ఒకచోట సమానమని, ఒకచోట కాదని! చివరికి 2019 జూన్ 12న అక్కడి రాజ్యాంగ న్యాయస్థానంలో ఐదుగురు ఔనని, నలుగురు కాదని, ఒక్క ఓటు తేడాతో ఒకే లింగం వారి పెళ్ళికి అనుమతి వచ్చింది. పిలుపులో పేరున్నా, పంక్తిలో విస్తరి వేయించుకోవడానికి ఇంకో పదకొండేళ్ళు పట్టింది.

మన దేశంలో ఆ విస్తరి ఇంకా పడలేదు. 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు, ఒకే లింగం వారి పెళ్ళిని గుర్తించే పని కోర్టులది కాదు, చట్టసభలదని చెప్పింది. పెళ్ళి చేసుకోవడం రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదంది. అయితే అదే తీర్పులో ఒక మేలు ఉంది. ట్రాన్స్‌జెండర్ స్త్రీ ఒక పురుషుణ్ణి పెళ్ళాడితే, ఇప్పుడున్న చట్టాల కిందే ఆ పెళ్ళి చెల్లుతుందని ఐదుగురు న్యాయమూర్తులూ ఒప్పుకున్నారు.

పిన్నిగారు అడిగిన తీర్పు దాని మీద నిలబడినదే. 2025 జూన్‌లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ వెంకట జ్యోతిర్మయి ప్రతాప గారు ఇచ్చారు. ఒక ట్రాన్స్‌జెండర్ స్త్రీ తన భర్త మీద, అత్తింటివారి మీద 498-ఎ కింద కేసు పెట్టింది. ఆ సెక్షన్ మనకందరికీ తెలిసినదే. అత్తింటి హింస నుంచి కోడలికి రక్షణ. 2024 జూలై నుంచి కొత్త న్యాయసంహితలో అది 85వ సెక్షన్‌గా ఉంది. అత్తింటివారి తరఫున వాదన ఏమిటో తెలుసా? "ఈవిడకు పిల్లలు పుట్టరు, కాబట్టి ఈవిడ స్త్రీ కాదు. స్త్రీ కానప్పుడు ఈ సెక్షన్ ఈవిడకు వర్తించదు" అని.

సోదరీమణులారా, ఆ వాక్యం చదివి నేను పేపరు పక్కన పెట్టేశాను. నాకు పెళ్ళయి ఇరవై ఏళ్ళు దాటింది. పిల్లలు లేరు. బంధువుల ఇళ్ళలో శ్రీమంతాలకు నన్ను పిలవడానికి వెనకాడినవాళ్ళున్నారు. బారసాలలో ఉయ్యాల దగ్గర నిలబడితే నెమ్మదిగా పక్కకు జరిపినవాళ్ళున్నారు. "ఆడపుట్టుక పుట్టి ఏం లాభం" అన్నమాట నా చెవినే పడింది. ఆ కోర్టులో ఆవిణ్ణి కొలిచిన కొలబద్ద నన్ను కొలిచిన కొలబద్దే. ఆవిడ ఎవరో, నేనెవరో. ఆవిడ ముఖం కూడా నేను చూడలేదు. అయినా ఆవిడ మీద ఆ వాదన నెగ్గితే నాకు మాత్రం ఏం మిగిలేది?

నెగ్గలేదు. పిల్లల్ని కనగలిగితేనే స్త్రీ అనడం లోపభూయిష్టమైన వాదన, చట్టం ఒప్పుకోని వాదన అని న్యాయమూర్తి రాశారు. పురుషుణ్ణి పెళ్ళాడిన ట్రాన్స్‌జెండర్ స్త్రీకి ఆ సెక్షన్ కింద ఫిర్యాదు చేసే హక్కుందని తేల్చారు. ఇంకో నిజం కూడా చెప్పాలి. ఆ కేసులో ఎవరు, ఎప్పుడు, ఏం చేశారన్న వివరాలు సరిగా లేవని చెప్పి కేసును మాత్రం కొట్టేశారు. హక్కు ఉందనడం వేరు, నేరం రుజువు కావడం వేరు. వివరాలు లేకపోతే ఏ కోడలి కేసయినా అంతే. ఆ విషయంలోనూ ఆవిణ్ణి మనందరితో సమానంగానే చూశారన్నమాట!

ఇక మన ఇంటి గుమ్మం దగ్గరికి వద్దాం. రాజ్యాంగం మాట్లాడేది ముఖ్యంగా ప్రభుత్వంతో. కానీ ఈ పిల్లలకు మొదటి దెబ్బ ప్రభుత్వం కొట్టదు. ఇంట్లోనే తగులుతుంది. అందుకే 2019లో పార్లమెంటు ట్రాన్స్‌జెండర్ల హక్కుల రక్షణ చట్టం చేసినప్పుడు, 12వ సెక్షన్‌లో ఇంటి సంగతి పెట్టింది. ఆ చట్టం 2020 జనవరి 10న అమల్లోకి వచ్చింది. ట్రాన్స్‌జెండర్ అన్న కారణంతో ఏ బిడ్డనూ తల్లిదండ్రుల నుంచి వేరుచేయరాదు. బిడ్డ మేలుకోసం కోర్టు చెబితే తప్ప. తల్లిదండ్రులు, దగ్గరి కుటుంబం ఉండే ఇంట్లో ఉండే హక్కు, ఆ ఇంట్లోంచి వెళ్ళగొట్టబడకుండా ఉండే హక్కు, ఇంట్లో సౌకర్యాలన్నీ అందరిలాగే వాడుకునే హక్కు వారికుందని ఆ సెక్షన్ చెప్పింది. అన్నం, మంచం, స్నానాల గది అన్నీ అందులోకే వస్తాయి. వీటికోసం కూడా చట్టం రాయాల్సి వచ్చిందే అని నాకు సిగ్గేసింది.

ఆస్తి సంగతి చాలామంది అడుగుతారు. 1985లో మన రాష్ట్రంలో, 2005లో దేశమంతటా, హిందూ ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతో భాగం వచ్చింది. కాబట్టి పిత్రార్జితంలో ఆ బిడ్డను కొడుకన్నా కూతురన్నా భాగం మాయమైపోదు. తండ్రి స్వార్జితం మాత్రం ఆయన వీలునామా రాసినట్టు పోతుంది. ఆదరువు లేనివారికి మన రాష్ట్రంలో సామాజిక పింఛన్ల జాబితాలో ట్రాన్స్‌జెండర్లకూ చోటుంది. 2024 జూలైలో ఆ పింఛను నెలకు 4,000 రూపాయలు చేశారు.

ఇన్ని చట్టాలు వచ్చినా, వాటితోనే అంతా అయిపోయిందని నేననను. ఓటరు జాబితాలో 2009 నుంచే "ఇతరులు" అన్న గడి ఉంది, అద్దెకు గది మాత్రం దొరకదు. కాగితం మీద పౌరురాలు, వీధిలో పరాయిది. ఆ మధ్య దూరం కోర్టు తగ్గించలేదు. ఇంట్లో మనమే తగ్గించాలి. పిల్లవాడు అక్క ఓణీ చుట్టుకుంటే కర్ర తీయకండి. బళ్ళో ఏడిపిస్తున్నారని చెబితే "నువ్వే సరిగా ఉండు" అనకండి, టీచరు దగ్గరికి వెళ్ళి అడగండి. మనసు మార్చేస్తామని చెప్పే మందులకూ, తాయెత్తులకూ, తొందరపడి చేసే పెళ్ళికీ పోకండి. అలాంటి పెళ్ళిలో ఇంకో ఇంటి ఆడపిల్ల గొంతు కూడా కోసినవాళ్ళమవుతాం. రైల్లో ఎదురుపడితే డబ్బివ్వడం, ఇవ్వకపోవడం మీ ఇష్టం. ముఖం మాత్రం తిప్పుకోకండి. ఆ ముఖం కోసం ఏ ఊళ్ళోనో ఒక తల్లి వెతుకుతూ ఉండొచ్చు.

రాజ్యాంగాన్ని రాయించిన అంబేడ్కర్ గారి పేరు మన కోనసీమ జిల్లాకే ఉంది. రాజ్యాంగ సభలో కూర్చున్న దుర్గాబాయి గారు మన రాజమండ్రి ఆడపడుచు. ఆ పిలుపు ఎవరికి చేరలేదో చూసి చేర్చే బాధ్యత మనకు కాస్త ఎక్కువే ఉందనుకుంటాను.

ఇదంతా చదివాక పిన్నిగారి ఇంటికి వెళ్ళి, వంటింట్లో పీట వేసుకుని కూర్చుని చెప్పాను. ఆవిడ గోరుచిక్కుళ్ళు ఒలుస్తూ విన్నది. పెద్ద కోర్టుల సంగతులన్నిటికీ ఊ కొట్టింది. 12వ సెక్షన్ దగ్గరికి వచ్చేసరికి చేతులు ఆగిపోయాయి.

"ఇంట్లో ఉండే హక్కు కూడా రాశారా?"

"రాశారు పిన్నిగారూ."

"మీ బాబాయిగారు పోయి నాలుగేళ్ళయింది. ఇప్పుడు వద్దనేవాళ్ళెవరున్నారు, నేనే కదా" అంది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత లేచి దేవుడి గూట్లోంచి మడతపెట్టిన కాగితం తీసింది. కూతురు ఎప్పుడో రాసిచ్చిన ఫోను నంబరు. ఇన్నాళ్ళూ అది ఆవిడ దగ్గరే ఉంది.

"కళ్ళజోడు లేకుండా నాకు అంకెలు ఆనవు. నువ్వు నొక్కి పెట్టమ్మా" అంది.

నొక్కి ఫోను ఆవిడ చేతికిచ్చి, నేను వీధి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను. లోపల ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. చాలాసేపు మాత్రం మాట్లాడుకున్నారు.